రాయకూడని గడి

మ్యూన్‌స్టర్‌లో వాన పడుతుంటుంది, లేకపోతే గంటలు మోగుతుంటాయి
అని ఆ ఊరివాళ్లే అంటారు.
ఈ ఉదయం రెండూ ఉన్నాయి.
రైన్‌హిల్డ్ తడి గొడుగుని రేడియేటర్‌కి ఆనించి
ఆసుపత్రి మూడో అంతస్తులో కంప్యూటర్ తెరిచింది.

ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే ప్రశ్న.
ఏడాదికోసారి, ఒక్కో నంబరుకీ.
ఉన్నారా?
ఉంటే, ఎముకలో మళ్లీ ఏమైనా? ఊపిరితిత్తుల్లో?
డాక్టర్లు కోస్తారు, నర్సులు మందు ఎక్కిస్తారు,
ఈమె అడుగుతుంది.

నాలుగు వందల పదిహేడు.
పేరు ఆమెకి తెలియకూడదు.
వరండాలో ఎవరో తల్లి "మరైకె" అని కేకేస్తే
చెవులు మూసుకోలేకపోయింది, అంతే.

పదకొండేళ్లు. మోకాలి పైన వాపు.
ఫుట్‌బాల్ దెబ్బే అనుకుని రెండు నెలలు పోయాయి.
ఏ మందుల జట్టులో పడాలో కంప్యూటర్ చీటీ తీసింది.
ఏది మేలో ఎవరికీ తెలియదు కాబట్టే
చీటీ వేయడం న్యాయం.
ఆ మాట ఫారం ఏడో పేజీలో ఉంది.
దాని కింద సంతకం పెడుతూ
తల్లి రెండుసార్లు పెన్ను మార్చింది.

పసుపు మందు. ఎర్ర మందు. మళ్లీ పసుపు.
పది వారాలు.
తీసిన ఎముకని హోల్ట్‌కాంప్ సన్నటి పలకలుగా కోయించి
గళ్లు గీసుకుని లెక్కపెట్టాడు.
"తొంభై నాలుగు శాతం చచ్చింది" అన్నాడు.
లోకంలో ఆ ఒక్క గదిలోనే కాబోలు,
చావు ఎక్కువైందని చెబితే
ఎవరో లేచి కాఫీ పోస్తారు.

మోకాలు పోయింది. కింది కాలు మిగిలింది.
దాన్ని వెనక్కి తిప్పి తొడకి అతికించారు.
నరాన్ని తెంపలేదు, చుట్ట చుట్టి లోపల సర్దారు.
ఇక చీలమండే మోకాలు.
మడమ ముందుకి, వేళ్లు వెనక్కి.

మా కథల్లో పాదాలు వెనక్కి తిరిగి ఉండేది దయ్యాలకే.
చీకట్లో ఎవరెదురైనా ముందు కాళ్లు చూడు
అనేది మా మేనత్త.
ఈ పిల్లకి మాత్రం
బతకడానికి తిరిగింది.

మోకాలు మడవాలంటే వేళ్లు పైకెత్తు,
మోకాలు మడవాలంటే వేళ్లు పైకెత్తు.
ఎన్ని వందల సార్లో.
ఓ మంగళవారం ఎవరూ చెప్పకుండానే మడిచింది.
దానికీ ఫారంలో గడి ఉంది.
పనితీరు: ముప్పైకి ఇరవై ఆరు.

ఆరేళ్లు జవాబులొచ్చాయి.
ఉంది. ఉంది. ఉంది.
పద్దెనిమిది నిండిన వారంలో ఉత్తరం వచ్చింది:
"నా మోకాలు మీ లెక్కలకి ఇచ్చాను.
నా ఏళ్లు ఇవ్వను.
దయచేసి ఇంకెప్పుడూ అడగకండి."

నియమం గట్టిది. ఆ తేదీ దాటి ఒక్క అక్షరం చేర్చకూడదు.
చనిపోయిన ప్రతివాళ్ల దగ్గరా
ఒక మెట్టు దిగే గ్రాఫు అది.
మరైకె దగ్గర గీత దిగలేదు.
గీత మీద చిన్న నిలువు గాటు, అంతే.
పోయిందని కాదు, ఉందని కాదు.
మాకు తెలిసింది ఇంతవరకే అని.

నిన్న సాయంత్రం
లిండెన్ చెట్ల కింద, తడి ఆకుల దారిలో,
వెనక సైకిల్ గంట మోగితే రైన్‌హిల్డ్ పక్కకి తప్పుకుంది.
నిక్కరు తొడుక్కున్న ఒక యువతి.
ముందు బుట్టలో బీట్‌రూట్లు, మట్టితోనే.
కుడివైపు కృత్రిమ కాలు,
దాని తొడుగులో, మోకాలు ఉండాల్సిన చోట,
మడమ ఆకారం ఉబ్బి దిగి, ఉబ్బి దిగి.
థాంక్స్ చెప్పి దూసుకెళ్లింది.
ఆమేనా? ఆ ఊళ్లో అలాంటి కాళ్లు ఇంకా ఉన్నాయి.
రైన్‌హిల్డ్ మలుపు దాకా చూస్తూ నిలబడింది.
గొడుగు తెరవడం మర్చిపోయింది.

ఇప్పుడు తెరమీద మూసిన వరుస.
కర్సర్ ఆ గడిలో కొట్టుకుంటోంది.
ఉంది, అని రాయడానికి రెండక్షరాలు.
ఎదురుగాలిలో పెడల్ తొక్కుతోంది,
బీట్‌రూట్ సూపు కాచుకోబోతోంది,
వీటికి గడులే లేవు.

కర్సర్‌ని కిందికి జరిపింది.
నాలుగు వందల పద్దెనిమిది.
ఫోను తీసి నంబరు నొక్కింది.
బయట గంటలు ఆగాయి, వాన ఆగలేదు.
అవతల రింగవుతోంది.
ఇంకా రింగవుతోంది.